పాత కారుకు ధర చివరి నుంచి కట్టాలి

నందికొండ దగ్గర కృష్ణ మీద డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. కాలువలకు నీళ్లు వదిలి ఇందిరాగాంధీ నాగార్జునసాగర్‌ను జాతికి అంకితం చేసింది 1967 ఆగస్టు 4న. రాతి కట్టడం పైకి లేస్తున్న ఆ పన్నెండేళ్ల నడుమే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పుట్టింది. ఆ కాలపు ప్రాజెక్టు కాలనీల పిల్లలకు పెద్ద ఇంజనీరంటే అంబాసిడర్, సైటు ఇంజనీరంటే జీపు. ఈ వైపు పాత కారు మోజు పట్టినవాళ్ల చూపు నేటికీ ముందు ఆ గుండ్రటి బానెట్ మీదే పడుతుంది.

ఆ మోజుకు కబురు ఇలా వస్తుంది: “మిర్యాలగూడ అవతల ఒక రైస్ మిల్లుల మార్క్ టూ ఉందన్నా. స్టార్ట్ అయితది. లక్షన్నర అంటున్నరు, కూసొని మాట్లాడితే లక్షా ఇరవైకి దిగుతరు.” వెళ్తాం, తాళం తిప్పుతాం, పొగ కొట్టి ఇంజిన్ అందుకుంటుంది. ముప్పై వేలు తగ్గించి గెలిచామనుకుంటాం. అసలు ఆ బండికి లక్షా ఇరవై ఇవ్వొచ్చా, ఇరవై వేలే ఎక్కువా అన్నది మాత్రం ఎవరూ లెక్క కట్టరు. అమ్మేవాడు చెప్పిన అంకె నుంచి కిందికి దిగడం బేరం. ధర కట్టడం వేరు. దానికి పని పూర్తయిన కారు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

ఒక తీసివేత

సూత్రం ఒక్క వాక్యం. పూర్తయిన కారు పలికే ధరలోంచి పనికయ్యే ఖర్చు తీసేయండి, పని మొదలయ్యాక బయటపడే ఖర్చుకు ఇంకొంత తీసేయండి, మిగిలింది మీరు ఇవ్వదగిన గరిష్ఠ ధర.

ఉదాహరణకు 1970 నాటి అంబాసిడర్ మార్క్ టూ తీసుకుందాం. చక్కగా బాగుచేసి, కాగితాలు సరిగ్గా ఉన్న అలాంటి కారు 5,00,000 పలుకుతుందనుకుందాం. కింది అంకెలు కూడా పద్ధతి చూపడానికి వేసుకున్నవే. వీటిని మార్కెట్ రేట్లుగా తీసుకోకండి. మీ టింకరింగ్ మేస్త్రీ, మెకానిక్, సీట్ల పనివాడు చెప్పిన రేట్లు ఆ చోట్ల పెట్టుకుంటే మీ లెక్క తయారవుతుంది.

టింకరింగ్, పెయింట్: 1,60,000
ఇంజిన్, గేర్‌బాక్స్: 60,000
బ్రేకులు, సస్పెన్షన్: 40,000
వైరింగ్, బ్యాటరీ: 20,000
సీట్లు, లోపలి పని: 35,000
క్రోమ్, అద్దాలు, రబ్బర్లు: 45,000
టైర్లు ఐదు: 25,000
రవాణా, కాగితాలు, బీమా: 40,000
మొత్తం: 4,25,000

ఇది బాడీ తుప్పు పట్టి, ఇంజిన్ కూడా ఆగిపోయిన బండి లెక్క. తుప్పు బండిలో పెయింట్ గీకాక ఏం బయటపడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఊహించని ఖర్చుకు 25 శాతం, అంటే 1,06,250 కలపాలి. మొత్తం 5,31,250. ఐదు లక్షల్లోంచి తీసేస్తే మైనస్ 31,250. ఈ కారు ఉచితంగా ఇచ్చినా నష్టమే.

ఇప్పుడు రెండో బండి. ఇదీ తుప్పుదే, కానీ ఇంజిన్ నడుస్తోంది. ఇంజిన్ పద్దు 60,000 నుంచి 15,000కు దిగుతుంది. ఖర్చు 3,80,000, దాని మీద 25 శాతం 95,000, మొత్తం 4,75,000. ఇవ్వదగిన ధర 25,000.

మూడో బండి ఇంజిన్ పదేళ్లుగా తిరగలేదు, బిగుసుకుపోయింది. రేకు మాత్రం గట్టిది. బాడీ పద్దు 70,000తో సరిపోతుంది. ఖర్చు 3,35,000. కళ్లెదుట కనిపించే పనే ఎక్కువ కాబట్టి ఊహించని ఖర్చుకు 15 శాతం చాలు, అది 50,250. మొత్తం 3,85,250. ఇవ్వదగిన ధర 1,14,750.

సంతలో లెక్క దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. స్టార్ట్ అయ్యే బండికి ఎక్కువ అడుగుతారు, మూగబోయిన బండిని తక్కువకు వదిలేస్తారు. మన పట్టికలో స్టార్ట్ కాని గట్టి బండి, స్టార్ట్ అయ్యే తుప్పు బండికి నాలుగు రెట్లకు పైగా విలువైంది. ఇంజిన్ చప్పుడు ఆదా చేసేది 45,000. గట్టి రేకు ఆదా చేసేది 90,000, ఆపైన అనిశ్చితి కూడా తగ్గుతుంది.

రేకు చెప్పే నిజం

అంబాసిడర్‌కూ ప్రీమియర్ పద్మినికీ లారీకి ఉన్నట్టు విడి చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా పోయే సిల్, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె. బరువంతా ఆ పెట్టే మోస్తుంది. సిల్ తుప్పు పట్టిందంటే వెన్నెముక పోయినట్టే. జీపుకూ స్టాండర్డ్ హెరాల్డ్‌కూ చాసిస్ వేరు, బాడీ వేరు. అక్కడ బాడీ విప్పి పక్కన పెట్టి పని చేసుకోవచ్చు, చాసిస్ గట్టిగా ఉంటే ధైర్యం చేయొచ్చు.

ఎద్దును పళ్లు చూసి కొంటారు, కారును కింద పడుకుని చూసి కొనాలి. చేతిలో రెండే పనిముట్లు చాలు. మొదటిది పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం. పెయింట్ గీసుకోకుండా పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది భాగం మీద, చక్రాల పైనున్న వంపుల మీద, సిల్ పొడవునా మెల్లగా జరపాలి. కింద రేకు ఉంటే చెయ్యి లాగినట్టు అంటుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలి జారిపోతుంది. జారిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పావుగంటలో కారు ఒంటి మీద మ్యాప్ తయారవుతుంది. టింకరింగ్ అంచనా ఆ మ్యాప్ చూపించి అడగాలి, కారు ఫొటో చూపించి కాదు.

రెండోది స్క్రూడ్రైవర్. లోపలి మ్యాట్లు ఎత్తి కాళ్లు పెట్టే చోట, డిక్కీలో స్టెప్నీ కింద, వెనక కమాన్ పట్టీలు బాడీకి బిగించే చోట పొడిచి చూడాలి. టంగుమంటే రేకు, చప్పుడు లేకుండా దిగితే తుప్పు. చివరగా ఒక పరీక్ష. తలుపు తెరిచి మూసి, పైన సందు ఎంతుందో చూసుకోండి. కారును ఒక పక్క జాకీతో లేపి మళ్లీ తలుపు వేయండి. సందు మారినా, తలుపు పట్టుకున్నా పెట్టె వంగుతోందని అర్థం. అలాంటి బండికి ఊహించని ఖర్చు 25 శాతం కూడా సరిపోదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఎండిన బండికి ఒక సుగుణం ఉంది. సముద్రపు ఉప్పుగాలి తగలదు. విశాఖలోనో చెన్నైలోనో నలభై ఏళ్లు తిరిగిన కారు కన్నా దేవరకొండలో చెట్టు కింద నిలబడ్డ కారు రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఎండ కొట్టేది రబ్బర్లను, డాష్‌బోర్డును, వైర్ల తొడుగులను. అవన్నీ కొనుక్కుంటే దొరికేవి.

1489 నుంచి 1531 వరకు

అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ 1489 సీసీ. బ్రిటిష్ బీఎంసీ కంపెనీ బి-సిరీస్ ఇంజిన్ అది. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. బోరు అరిగితే లేతు షాపులో కాస్త పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై అని మెట్లు. పిస్టన్ నెత్తిన ఆ అంకె పొడిచి ఉంటుంది. నలభైకి చేరిన ఇంజిన్ బోరు 74.041 మిల్లీమీటర్లు, సామర్థ్యం సుమారు 1531 సీసీ.

ఈ అంకె ఎందుకంటే నలభై తర్వాత సాధారణంగా ఇంకో బోరింగ్ ఉండదు, లైనర్లు దించాలి. హెడ్ విప్పే వీలుంటే పిస్టన్ మీద ఏముందో చూడండి. స్టాండర్డ్ అయితే బ్లాకుకు ముందు చాలా జీవితం ఉంది. నలభై ఉంటే ఇంజిన్ పద్దులో లైనర్ల ఖర్చు ఇప్పుడే రాసుకోండి. హెడ్ విప్పనివ్వకపోతే, ఇంజిన్ తిరిగే బండికి కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగు సిలిండర్ల రీడింగుల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే మంచిది. ఒక్క సిలిండరే బాగా పడిపోతే వాల్వో, రింగులో, గ్యాస్కెట్టో. ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో.

మన వైపు ఇంకో శత్రువు బోరునీళ్లు. ఏళ్ల తరబడి రేడియేటర్లో పోసిన బోరునీళ్ల లవణాలు బ్లాకు లోపలి దారుల్లో పొరలు కడతాయి. అలాంటి ఇంజిన్ అయిదు నిమిషాలు బాగానే ఆడుతుంది, అరగంటకు ఉడుకుతుంది. కాబట్టి చూడ్డానికి వెళ్లినప్పుడు అరగంట నడవనివ్వండి.

పెట్రోల్ కూడా మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత హెడ్డులో వాల్వు కూర్చునే చోటు మెత్తని పోత ఇనుమే, దాన్ని అరుగుదల నుంచి కాపాడింది ఆ సీసమే. హెడ్ పని చేయించేటప్పుడే గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 వస్తోంది. పాత పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ రబ్బర్లు దానికి మెత్తబడి కారతాయి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించడం చిన్న ఖర్చు, వేయించకపోతే ఇంజిన్ దగ్గర పెట్రోల్ కారడం పెద్ద ప్రమాదం.

కాగితం లేకపోతే ఐదు లక్షలు లేవు

పైన ప్రతి లెక్కా 5,00,000 నుంచి మొదలైంది. ఆ అంకె రోడ్డెక్కే కారుది. ఆర్సీ లేని కారును ఎంత మెరిపించినా అది విడిభాగాల కుప్పే. అందుకే రేకు కన్నా ముందు చూడాల్సింది కాగితం.

ఆర్సీలోని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద పొడిచిన వాటితో కలవాలి. నంబరు మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. అక్షరం మీద అక్షరం తిరగరాసి ఉంటే కంటికి దొరకనిది అందులో దొరుకుతుంది. ఇంజిన్ మార్చి ఉంటే ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కిందో లేదో చూడాలి. ఆర్టీఏ కార్యాలయంలో బి-రిజిస్టర్ నకలు తీసుకుంటే మొదటి యజమాని, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ బాకీ తెలుస్తాయి.

నంబరు ప్లేటూ కొంత చెబుతుంది. జిల్లా అంకెలున్న నంబర్లు కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చాక మొదలయ్యాయి. నల్లగొండకు ఏపీ 24, 2014 తర్వాత టీఎస్ 05, 2024 నుంచి టీజీ 05. మహబూబ్‌నగర్‌కు ఏపీ 22, తర్వాత టీఎస్ 06, టీజీ 06. “1970 మోడల్” అంటూ ఏపీ 24 ప్లేటు చూపిస్తే ఆ కారు నంబరు మధ్యలో మారిందన్నమాట. ఎప్పుడు, ఎందుకు అని అడగండి. జవాబు కాగితం మీద ఉండాలి.

యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరిట మారాకే కొనాలి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. “తర్వాత చూసుకుందాం” అన్న ఏ కాగితానికైనా ఆ తర్వాత ఎన్నడూ రాదనుకునే ధర కట్టాలి.

సాగర్ లాంటి ప్రాజెక్టు ఊళ్లలో ప్రత్యేకంగా వినిపించే మాట “గవర్నమెంటు బండి, బాగా మెయింటైన్ చేశారు” అన్నది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖల, ప్రభుత్వ సంస్థల, స్థానిక సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఉండదు. అవి గుర్తింపు పొందిన స్క్రాప్ కేంద్రానికే పోవాలి. కాబట్టి ఆ బండి అంతకుముందే వేలంలో అమ్ముడుపోయి ప్రైవేటు పేరు మీద మారి ఉంటేనే మాట్లాడాలి. లేదంటే ఆ కారుకు ముందుదారి లేదు.

ఏడాదికి రెండు వేలు, రెండు దారులు

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు ఈ రెన్యువల్ రుసుము 5,000 నుంచి 10,000 అయింది. ఆలస్యానికి నెలకు 500 అదనం. రెండేళ్లు గడువు తప్పిన కారుకు 12,000 ఆలస్య రుసుము, 10,000 రెన్యువల్, కలిపి 22,000. గ్రీన్ ట్యాక్స్ దీనికి పైన. మన పట్టికలో కాగితాలకు పద్దు వేసింది ఇందుకే.

రెండో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనం వింటేజ్ అవుతుంది. 2026లో చూస్తే 1976 నాటికి రిజిస్టరైనవన్నమాట. మార్క్ వన్, మార్క్ టూలు వస్తాయి. 1979లో వచ్చిన మార్క్ ఫోర్ 2029 దాకా ఆగాలి. కొత్తగా నమోదుకు 20,000, గడువు పదేళ్లు, తర్వాతి నమోదుకు 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని ఉంటుంది.

రెండు దారులనూ ఏడాది లెక్కకు దించితే విచిత్రం కనిపిస్తుంది. సాధారణ రెన్యువల్ ఐదేళ్లకు 10,000, ఏడాదికి 2,000. వింటేజ్ తొలి పదేళ్లకు 20,000, ఏడాదికి అదే 2,000. తేడా వాడుకలో ఉంది. వింటేజ్ బండిని ర్యాలీకి, ప్రదర్శనకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లొచ్చు, రోజువారీ తిప్పకూడదు. ఆదివారం కుటుంబంతో సాగర్ కట్ట దాకా పోవాలనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు. పదేళ్లు దాటాక వింటేజ్ రుసుము 5,000కు పడిపోతుంది, షెడ్డులో దాచుకునే వాళ్లకు అది నప్పుతుంది.

బీమాలోనూ తేడా ఉంది. 2022 జూన్ నుంచి అమలైన పట్టికలో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ దాటని ప్రైవేటు కారుకు 2,094, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. పన్ను అదనం. 948 సీసీ హెరాల్డ్ మొదటి మెట్టులో, 1089 సీసీ పద్మిని, 1489 అంబాసిడర్ రెండో మెట్టులో ఉంటాయి. ఇసుజు ఇంజిన్ వేసుకున్న 1800 అంబాసిడర్ మూడో మెట్టు. వింటేజ్‌గా నమోదైన ప్రైవేటు కారుకు ఇందులో సగమే. సొంత నష్టానికి బీమా తీసుకుంటే ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. పని జరుగుతున్నప్పటి ఫొటోలు, బిల్లులు ఆ టేబుల్ మీద డబ్బుతో సమానం.

తాకకపోతే పెరిగే విలువ

మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను సింహాసనం లాంటి సీటుతో పురమాయించాడు. 1911లో ఆయన పోయాక ఆ కారు హైదరాబాద్ చేరింది. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఎవరి కోసం, ఎలా తయారైందో చరిత్ర ఉండడం, ఆ రూపం చెడకుండా ఉండడం, ఈ రెండే దాని విలువ.

మన అంబాసిడర్‌కూ ఇదే కొలత చిన్న స్థాయిలో వర్తిస్తుంది. డీజిల్ ఇంజిన్ మార్చిన మార్క్ టూ, ఫ్యాన్సీ చక్రాలు తొడిగి, డాష్‌బోర్డు కోసిన మార్క్ టూ నడపడానికి బాగుండొచ్చు, కానీ వింటేజ్ అర్హత పోతుంది, కొనేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, మొదటి వరుసలోని 5,00,000 కిందికి దిగుతుంది. ఒరిజినల్ మీటర్లు, హార్న్ రింగు, గ్రిల్లు, బంపర్లు ఉన్నాయో లేదో చూసి ఒక్కో లోపానికి ధర తగ్గించండి. అంబాసిడర్ యాంత్రిక భాగాలు హైదరాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతికితే దొరుకుతాయి. పాత మోడల్ అలంకార భాగాలే దొరకవు, దొరికినా అమ్మేవాడు చెప్పిందే ధర.

మోజు పద్దు

ఇంకా ఒక ఖర్చు ఎవరి పట్టికలోనూ ఉండదు. 4,00,000 పని 18 నెలలు సాగితే, డబ్బు మెల్లమెల్లగా పెడుతూ పోయినా సగటున 2,00,000 ఆ కాలమంతా ఇరుక్కుంటుంది. బ్యాంకు వడ్డీ 8 శాతం అనుకుంటే 24,000. దాన్ని కూడా తీసివేతలో వేయండి. మూడో బండి ధర అప్పుడు 1,14,750 నుంచి తొంభై వేల దగ్గరికి దిగుతుంది.

ఇంత లెక్క వేసినా కొందరు మైనస్ వచ్చిన బండినే కొంటారు. తాత నడిపిన కారు, ప్రాజెక్టులో నాన్న తిరిగిన జీపు లాంటి వాటికి సంత ధర వర్తించదు, తప్పూ లేదు. అప్పుడు ఆ మైనస్ అంకెను దాచుకోకుండా పట్టికలో “మోజు” అని ఒక పద్దు రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. 31,250 అని రాసి ఉన్న మోజును ఇల్లు భరిస్తుంది. సగం పని అయ్యాక రెండు లక్షలుగా బయటపడే మోజు వల్లనే విప్పిన కార్లు విప్పినట్టే షెడ్లలో మిగిలిపోతాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు జేబులో ఒక్క కాగితం ఉండాలి. దాని మీద ఐదు అంకెలు: పూర్తయిన కారు ధర, సుద్దగుర్తులు చూసి మేస్త్రీ చెప్పిన బాడీ ఖర్చు, మిగతా పని ఖర్చు, కాగితాలకయ్యేది, ఊహించని ఖర్చు శాతం. ఐదూ నిండితే ఆరోది, మీరు ఇవ్వాల్సిన ధర, దానంతటదే వస్తుంది. ఒక్కటి ఖాళీగా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి రండి. ఇన్నేళ్లు నిలబడ్డ కారు ఇంకో వారం నిలబడుతుంది.